కంబాలకొండలో నేలతాడి పూసింది, గైడు పీకేశాడు

వైజాగ్‌లో ఆర్కే బీచ్, కైలాసగిరి బాగానే గడిచాయి. నేను రాయాల్సింది ఊరి పక్కనే ఉన్న కంబాలకొండ అడవి గురించి.

తొలకరి పడ్డాక నేలతాడి అనే చిన్న మొక్క పూస్తుంది. అడవిలో ఆ పువ్వు చూడాలని మా అక్కకు ఎప్పటి నుంచో కోరిక. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మేం దిగిన లాడ్జివాళ్లే గైడును మాట్లాడిపెట్టారు. పూటకు 1,500, ఆటోకు వేరేగా 350. రూముకి 1,800 తీసుకుని ఏడు దాటితే వేడినీళ్లు ఇవ్వలేదు. సర్లే అనుకున్నాం.

జూ పార్కు దగ్గర హైవే పక్కనే గేటు. లోపలికి కాస్త నడవగానే, చెట్ల నీడలో కనిపించింది. జానెడు మొక్క. తాటి మొలకలా మడతల ఆకులు, వాటి మొదట్లో మట్టికి ఆనుకుని ఆరు రేకల పసుపు పువ్వు. వంగితే తప్ప కనబడదు. అక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

ఇంతలో గైడు పుల్లతో నేల కెలికి, పక్క మొక్కను దుంపతో సహా లాగేశాడు. పైన నలుపు, విరిచి చూపిస్తే లోపల తెలుపు. "నేలతాడి దుంపనే నల్ల ముసలి అంటారమ్మా, ఒంటికి మంచి బలం. ఇంకో మూడు వందలివ్వండి, సంచి నిండా తీసిస్తాను" అన్నాడు.

2002లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది! ఈ మొక్కకు కాయ కూడా ఆకుల మొదళ్ల మధ్య, మట్టిలోనే ఉంటుంది. దుంప పీకితే గింజలూ దాంతోపాటే పోతాయి. మందు కోసం ఇలా తవ్వి తవ్వే చాలాచోట్ల నేలతాడి కరువైపోయింది. అక్క గట్టిగా కేకలేసింది. గొడవెందుకని బావగారు 1,500 చేతిలో పెట్టి పంపేశారు. నాకైతే ఒక్క రూపాయీ ఇవ్వబుద్ధి కాలేదు. లాడ్జిలో అడిగితే, "అందరూ దుంపలే అడుగుతారండీ" అన్నారు.

గైడు వెళ్లాక అడవిలో మేమే వెతుక్కుంటే దారి పక్కనే బోలెడు మొక్కలు, నాలుగింటికి పూలు. గైడు అక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి, బూట్లు వేసుకోండి, దోమల మందు రాసుకోండి. ఎంవీపీ కాలనీలో 70 రూపాయల ఉప్మా పెసరట్టు తిన్నాకగానీ బావగారి ముఖం తేటపడలేదు. అల్లం చట్నీ అమోఘం. అడవి కోసమే వెళ్లేవాళ్లు కాంప్లెక్స్ దగ్గర కాకుండా ఎండాడ వైపు రూము చూసుకోండి, ఆటో ఖర్చు బాగా తగ్గుతుంది.