స్లీప్ ఆప్నియాకి నోటి పరికరం కొంటున్నారా? ‘మొదటి రాత్రే ఫలితం’ అనేవాళ్ళతో జాగ్రత్త

స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బు. దానికి ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మాస్క్ సరిపడక, నోట్లో పెట్టుకునే పరికరం వైపు చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పరికరమే చెడ్డదని నేననను. ఇప్పుడు నేను వాడుతున్నదీ అలాంటిదే, బాగానే పనిచేస్తోంది. నా గొడవంతా దాన్ని అమ్మే తీరు మీద. డబ్బు మొత్తం ముందే కట్టించుకుని, పరికరం చేతిలో పెట్టి, ఆ తర్వాత నెలల తరబడి ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పని చోట కొంటే ఏమవుతుందో నా పళ్ళే సాక్ష్యం.

నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే స్లీప్ స్టడీలో నా ఏహెచ్‌ఐ 22 వచ్చింది. అంటే నిద్రలో గంటకి సగటున 22 సార్లు ఊపిరి ఆగిపోవడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. కనీసం 10 సెకన్లు అలా ఉంటేనే ఒకసారిగా లెక్కేస్తారు. 5 నుంచి 15 లోపు అయితే తక్కువ తీవ్రత, 15 నుంచి 30 లోపు మధ్యరకం, 30 అంతకు మించితే తీవ్రం. నాది మధ్యరకం. సీపాప్ మాస్కులు ఎన్ని మార్చినా అర్ధరాత్రి పీకి పక్కన పడేసేవాణ్ణి. అది చూసి స్లీప్ డాక్టరే నోటి పరికరం ప్రయత్నించొచ్చన్నారు. అక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది.

దాని పని చాలా సులువుగా అర్థమవుతుంది. పై పళ్ళకీ కింది పళ్ళకీ తొడుగుల్లా ఉంటుంది. కింది దవడని ముందుకు జరిపి అక్కడే పట్టి ఉంచుతుంది. దవడతో పాటు నాలుక కూడా ముందుకొస్తుంది కాబట్టి వెనక గొంతులో గాలి దారి మూసుకుపోదు. చిక్కంతా ఎంత ముందుకి, ఎంత తొందరగా అన్న దగ్గరే వస్తుంది.

నేను వెళ్ళిన డెంటల్ క్లినిక్‌లో పళ్ళ అచ్చులు తీసుకున్నారు. ‘మీ కోసమే ప్రత్యేకంగా ల్యాబ్‌లో చేయిస్తాం, మొదటి రాత్రే గురక పోతుంది’ అన్నారు. పరికరం వచ్చాక నోట్లో పెట్టి బిగుతు చూసి, ఎలా కడగాలో చెప్పి పంపేశారు. నా దవడ ఎంతవరకు ముందుకు రాగలదో కొలవలేదు. చెవి ముందు దవడ కీలు నొక్కి చూడలేదు. నోరు తెరిస్తే టక్‌మని శబ్దం వస్తుందా అని అడగలేదు. చిగుళ్ళ సంగతి అసలే ఎత్తలేదు. ఇవన్నీ ముందే చూసుకోవాల్సినవని రెండో డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాకే తెలిసింది.

మొదటి రాత్రి గురక నిజంగానే పోయింది. ఇంట్లోవాళ్ళు సంబరపడ్డారు. పొద్దున లేచేసరికి మాత్రం దవడలు పట్టేసి నోరు కలపలేకపోయాను. ఫోన్ చేస్తే ‘కొత్త కదండీ, అలవాటవుతుంది’ అన్నారు. ఆ తర్వాత నేను ఏం చెప్పినా అదే జవాబు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ మాటలో సగం నిజం ఉంది. మొదట్లో చొంగ ఎక్కువ కారుతుంది, లేదా నోరు ఎండిపోతుంది. పళ్ళు సలుపుతాయి, దవడ కండరాలు బిగుసుకుంటాయి. పరికరం తీసిన కాసేపటిదాకా పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవనట్టు ఉంటుంది. చాలామందికి ఇవన్నీ కొన్ని వారాల్లో తగ్గుతాయి, బైట్ (పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు) కూడా పొద్దున కాసేపట్లోనే మామూలు స్థితికి వచ్చేస్తుంది. అయితే నొప్పి వారం వారం తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, కీలు దగ్గర కొత్తగా శబ్దం వస్తున్నా, నోరు ఇదివరకంత తెరుచుకోకపోయినా, మధ్యాహ్నం దాటినా పళ్ళు కలవకపోయినా, ఏదైనా పన్ను కదులుతున్నా ‘అలవాటవుతుంది’ అని సరిపెట్టేయడానికి లేదు. డెంటిస్ట్ ఆ రోజో మర్నాడో చూడాలి. ఫోన్లో కుదిరే పని కాదది.

సరైన పద్ధతి ఏమిటో రెండో డెంటిస్ట్ ఓపిగ్గా చెప్పారు. ముందు దవడ పూర్తిగా ఎంత ముందుకు వస్తుందో కొలుస్తారు. సాధారణంగా అందులో సగం నుంచి 70 శాతం మధ్య ఎక్కడో మొదలుపెడతారు. అక్కడ దవడ సర్దుకున్నాక పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో ముందుకు జరుపుతారు. కొన్ని రోజులు ఆగి, నొప్పి లేకపోతే మళ్ళీ కాస్త. నొప్పి వస్తే ఆగడమో, ఒక మెట్టు వెనక్కి రావడమో. మనిషిని బట్టి ఇది కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పట్టే పని. నా మొదటి పరికరంలో దవడని దాదాపు చివరిదాకా లాగి బిగించేశారు. ఆ మొదటి రాత్రి మాయ వెనక ఉన్న రహస్యం అదే.

సరే, కాస్త వెనక్కి జరపమని క్లినిక్‌కి వెళ్తే అసలు సంగతి బయటపడింది. జరపడానికి అందులో ఏమీ లేదు! స్క్రూ లేదు, పట్టీలు లేవు, పై ముక్కా కింది ముక్కా కలిపి ఒకే దిమ్మగా పోసేశారు. మార్చాలంటే కొత్తది చేయించాలట, మళ్ళీ పూర్తి డబ్బు కట్టాలట. ల్యాబ్‌లో అచ్చు తీసి చేయించినంత మాత్రాన అది జరుపుకోగల పరికరం అయిపోదని దీన్నిబట్టి గుర్తుంచుకోండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, అమెరికన్ అకాడమీ ఆఫ్ డెంటల్ స్లీప్ మెడిసిన్ కలిసి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ రెండూ కావాలన్నారు: మన పళ్ళకి తగ్గట్టు చేయించినదై ఉండాలి, ముందుకూ వెనక్కూ జరపడానికి వీలుండాలి. దాంతోపాటు పరికరం పెట్టుకుని మళ్ళీ స్లీప్ టెస్ట్ చేయించాలనీ, ఆ తర్వాత కూడా డెంటిస్ట్‌కీ స్లీప్ డాక్టర్‌కీ అప్పుడప్పుడూ చూపించుకుంటూ ఉండాలనీ చెప్పారు. నాకు అమ్మినవాళ్ళు వీటిలో ఒక్కటీ ప్రస్తావించలేదు.

ఆ స్లీప్ టెస్ట్ సంగతి విడిగా చెప్పాలి. గురక ఆగినా పగలు కునుకుపాట్లు ఆగలేదు. మధ్యాహ్నం మీటింగుల్లో తల వాలిపోయేది. క్లినిక్‌లో అడిగితే ‘గురక లేదు కదా, ఇంకేం, టెన్షన్ పడకండి’ అన్నారు. స్లీప్ డాక్టర్ మాత్రం పరికరం నోట్లో ఉండగానే టెస్ట్ చేయించారు. ఏహెచ్‌ఐ 17. దవడ అంత బాధపడింది ఈ మాత్రం తగ్గడానికా అని ఒళ్ళు మండింది. ఎంత ముందుకు లాగితే అంత మేలు అనుకోకూడదట. నా దిమ్మ మరీ మందంగా ఉండి నోరు బాగా తెరిచి ఉంచుతోంది, అలా తెరుచుకున్నప్పుడు గడ్డం కిందికీ వెనక్కీ జారి, ముందుకు లాగిన లాభం కొంత పోతుందని వివరించారు. కొందరిలో ఈ పరికరంతో ఏహెచ్‌ఐ తగ్గకపోగా పెరుగుతుంది కూడా. ఊపిరి ఆగడం పక్కన పడుకున్నవాళ్ళకి ప్రతిసారీ వినిపించదు, గురకని రికార్డు చేసే ఫోన్ యాప్‌కీ అంతే. పరికరం పెట్టుకుని టెస్ట్ చేయించకుండా ‘నయమైంది’ అని ఎవరు చెప్పినా నమ్మకండి. ముఖ్యంగా బండి నడిపేవాళ్ళు.

ఇక పళ్ళు. కొన్ని నెలలు గడిచాక ఏదైనా నమిలితే దవడ పళ్ళ మధ్య సందు తెలియడం మొదలైంది. ముందు పళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి, వెనక పళ్ళు కలవడం లేదు. పరికరం కింది దవడని ముందుకు పట్టి ఉంచుతుంటే, దవడ రాత్రంతా వెనక్కి రావాలని లాగుతూ ఉంటుంది. ఆ బలమంతా పళ్ళ మీదే పడుతుంది. పళ్ళకి క్లిప్పులు వేసి సరిచేసినట్టే ఇక్కడా పళ్ళు కదులుతాయి, కాకపోతే మనకి అక్కర్లేని వైపు: పై ముందు పళ్ళు లోపలికి, కింది ముందు పళ్ళు బయటికి వాలతాయి. మంచి పరికరంతో, మంచి డెంటిస్ట్ దగ్గర కూడా ఏళ్ళ మీద ఇది ఎంతో కొంత జరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది గమనించరు. ఊపిరి సరిగ్గా ఆడుతోంది కదా అని తెలిసే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు, అది వాళ్ళ నిర్ణయం. కానీ ఆ మాట డబ్బు కట్టకముందే చెప్పాలి.

దీన్ని తగ్గించడానికి పొద్దున వాడే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. పాత బైట్ ప్రకారం దాన్ని ముందే తయారుచేసి ఇస్తారు. లేవగానే పరికరం తీసి, దాన్ని కొన్ని నిమిషాలు నెమ్మదిగా కొరికిపెట్టి ఉంచితే దవడ తన చోటికి వచ్చేస్తుంది. దవడ వ్యాయామాలు కూడా నేర్పిస్తారు. నాకు ముక్కా ఇవ్వలేదు, వ్యాయామమూ చెప్పలేదు. పైగా మొదలుపెట్టకముందు పళ్ళ ఫొటోలు గానీ, అచ్చుల కాపీ గానీ ఉంచలేదు. దాంతో ‘మీ బైట్ ముందునుంచే ఇలా ఉందేమో’ అని తప్పించుకోవడానికి వాళ్ళకి దారి దొరికింది. పాత ఎక్స్‌రే ఒకటి నా దగ్గర ఉండబట్టి ఆ వాదన నిలవలేదు గానీ, డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్ళలో ముంచి కొరికే రకం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నిద్రలో ఊడిపోతాయి, దవడని సరైన చోట నిలపలేవు, కొన్నాళ్ళకి వదులైపోతాయి. అసలు ప్రమాదం ఏమిటంటే స్లీప్ స్టడీ లేకుండానే కొనేస్తారు, గురక తగ్గగానే లోపల ఆప్నియా ఉందన్న సంగతే మరుగున పడిపోతుంది.

కొందరికి ఈ పరికరమే సరిపడదు. పళ్ళు బాగా తక్కువగా ఉన్నవాళ్ళు, కట్టుడు పళ్ళ సెట్టు పెట్టుకునేవాళ్ళు, చిగుళ్ళ జబ్బుతో పళ్ళు కదులుతున్నవాళ్ళు, దవడ కీలు నొప్పి ఉన్నవాళ్ళు ముందే ఆ సంగతి చెప్పాలి. ఊపిరి తీసుకోమనే సంకేతం మెదడు నుంచే సరిగ్గా రాని రకం ఆప్నియా ఒకటుంది, దానికి దవడని ఎంత జరిపినా లాభం లేదు. మీ రిపోర్టులో ఏ రకమని రాశారో చూసుకోండి. తీవ్రమైన ఆప్నియా ఉన్నవాళ్ళకి ఏహెచ్‌ఐ తగ్గించడంలో సీపాప్‌దే పైచేయి. అది బొత్తిగా పెట్టుకోలేనివాళ్ళకి ఇది ఏమీ లేనిదానికంటే మేలే, కానీ ఆ మాట చెప్పాల్సింది స్లీప్ డాక్టర్, పరికరం అమ్మేవాళ్ళు కాదు.

రెండోసారి నేను అడిగినవి ఇవి. జరపడానికి వీలుందా, ఎటైనా జరుగుతుందా? ఎన్నిసార్లు వచ్చి సర్దించుకోవచ్చు, అది ఈ ధరలో కలిసుందా? పొద్దున పెట్టుకునే ముక్క ఇస్తారా? ఫొటోలు, అచ్చుల వివరాలు నాకూ ఇస్తారా? రేపు ఏదైనా పన్నుకి క్యాప్ వేయించుకుంటే పరికరం పట్టదు, అప్పుడు సరిచేస్తారా? రిపోర్టు స్లీప్ డాక్టర్‌కి ఎవరు పంపుతారు? ఇవన్నీ కాగితం మీద రాసిమ్మన్నాను. విసుక్కోకుండా రాసిచ్చారు. నోటిమాటగా చెప్పినవి తర్వాత ఎవరికీ గుర్తుండవు.

కొత్త పరికరానికి అలవాటుపడటం నిదానంగానే సాగింది. మొదట్లో పడుకునే ముందు ఏదో చదువుకుంటూ కాసేపు పెట్టుకునేవాణ్ణి, నోట్లో ఏదో ఉందన్న చిరాకు మెలకువలోనే తీరిపోవాలని. తర్వాత రాత్రి కొంతసేపు, ఆ తర్వాత రాత్రంతా. మధ్యలో ఒకసారి ముందుకు జరిపితే కీలు నొప్పెట్టింది, ఒక మెట్టు వెనక్కి తెచ్చి మరికొన్నాళ్ళు ఆగమన్నారు. ఆ ఆగడమే నాకు మొదటిచోట దొరకనిది. చివరికి పరికరం పెట్టుకుని చేసిన టెస్ట్‌లో ఏహెచ్‌ఐ 6 వచ్చింది. పగటి కునుకులు పోయాయి. బైట్ మాత్రం కొంతవరకే వెనక్కి వచ్చింది, ఎడమవైపు వెనక పళ్ళు ఇప్పటికీ పూర్తిగా కలవవు.

ఇప్పటికే ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్ళు నొప్పి భరించలేక పరికరం ఒక మూల పడేసి ఊరుకోకండి, ఆప్నియా అలాగే ఉంటుంది. స్లీప్ డాక్టర్‌కి చెప్పి, వేరే దారి దొరికేదాకా ఏం చేయాలో అడగండి. పక్కకి తిరిగి పడుకోవడం కొందరికి ఆమాత్రం సాయపడుతుంది. పరికరాన్ని వేడినీళ్ళతో కడగొద్దు, ఆకారం మారిపోతుంది. వేరేవాళ్ళు వాడినది చవగ్గా వస్తోందని తీసుకోవద్దు, అది వాళ్ళ పళ్ళకి చేసినది.

డబ్బు ఒకేసారి కట్టకండి. కొంత అచ్చులు తీసినప్పుడు, కొంత పరికరం ఇచ్చినప్పుడు, మిగతాది పరికరం పెట్టుకుని చేసిన స్లీప్ టెస్ట్ రిపోర్టు వచ్చాక ఇస్తామని అడగండి. నా రెండో డెంటిస్ట్ దానికి వెంటనే ఒప్పుకున్నారు. మొదటిచోట అచ్చు తీయకముందే రిసెప్షన్‌లో మొత్తం కట్టించుకున్నారు.