కడియం వైపు అడవిపూల విత్తనాల నర్సరీ: విడి ప్యాకెట్లు కొనండి, మిక్స్ వద్దు

కడియపులంక వెళ్ళినవాళ్ళు గులాబీలో, క్రోటన్లో, మామిడి అంట్లో కొనుక్కుని వచ్చేస్తారు. ఆ రోడ్డుకి కాస్త లోపలగా అడవిపూల విత్తనాలు అమ్మే చిన్న నర్సరీ ఒకటి ఉంది. గునుగు, తుమ్మి, వెంపలి, గిలిగిచ్చ, విష్ణుక్రాంతం, నీరుగొబ్బి, తంగేడు... మనం కలుపని పీకి గట్టు మీద పడేసేవే. వీటికి డబ్బులు పెట్టడమేంటని మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. కానీ మా కొబ్బరితోట చివర, లంక వైపు, గరిక, రెల్లు తప్ప ఇంకేమీ లేని జాగా ఉంది. ఏళ్ళ తరబడి గడ్డిమందు కొట్టడం వల్ల అక్కడ చిన్న పువ్వు కూడా మిగల్లేదు, గరిక మాత్రం మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. అక్కడ పూలు చూడాలని కొన్నాను.

వీళ్ళలో నాకు బాగా నచ్చింది, వెళ్ళగానే ప్యాకెట్లు చేతిలో పెట్టరు. "మీది మెరకా పల్లమా అండి? వరద ఎక్కుద్దా? గేదెలు మేస్తాయా?" అని ముందు అడుగుతారు. నేను తంగేడు కావాలంటే పెద్దాయన ఇవ్వనన్నారు. "తంగేడు మెట్ట మొక్కండి, నీళ్ళు నిలిచే నేలలో వేరు కుళ్ళిపోద్ది, మీ డబ్బులు దండగ" అని దాని బదులు పంట బోదె పక్కన వేసుకోమని నీరుగొబ్బి ఇచ్చారు. అమ్ముకునే మనిషి వద్దని చెప్పడం ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం! గిలిగిచ్చ పశువులకి విషమని, గేదెలు తిరిగే చోట వేయొద్దని కూడా ఆయనే చెప్పారు. ఇది నిజంగా అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

ఆన్‌లైన్‌లో రంగురంగుల బొమ్మతో అమ్మే వైల్డ్‌ఫ్లవర్ ప్యాకెట్లు కూడా చూశాను. వాటిలో ఎక్కువగా కనిపించేవి కాస్మాస్, గైలార్డియా, రుడ్‌బెకియా. అందంగానే ఉంటాయి, కాదనను, కానీ అవి అమెరికా ఖండం పూలు. అక్కడి ప్రెయిరీ గడ్డిమైదానాల్లో చాలా రకాల విత్తనాలకి వారాల తరబడి చలీ తడీ కలిసి తగలాలి, అప్పుడే మొలుస్తాయి, అందుకే అక్కడివాళ్ళు చలికాలం ముందు జల్లి మంచుకి వదిలేస్తారు, లేదంటే తడి ఇసుకలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతారు. మన వెంపలి లాంటివాటికి చలితో పనిలేదు, గట్టి పెంకుదే సమస్య. నర్సరీవాళ్ళు ఉప్పుకాగితం మీద రెండు రాపిళ్ళు రాసి రాత్రంతా నానబెట్టమన్నారు. రాసినవి, రాయనివి విడివిడిగా వేసి చూశాను. నానిన మర్నాటికే రాసినవి ఉబ్బాయి, రాయనివి చాలావరకు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

ఇక గడ్డిలో జల్లడం గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియక విత్తనం బాగోలేదని షాపుని తిట్టేవాళ్ళు ఉంటారు. గరిక చాప మీద విత్తనం చల్లితే అది నేలకి దిగదు, పైనే ఎండిపోతుంది, లేదా చీమలు ఎత్తుకుపోతాయి. గడ్డిని కొడవలితో నేల దాకా కోసి, కోసినదంతా ఎత్తేసి, పారతో అక్కడక్కడ గీరి మట్టి కనపడేలా చేయాలి. మొత్తం తవ్వేయకూడదు, తవ్వితే అడుగున నిద్రపోతున్న కలుపు విత్తనాలన్నీ ఒక్కసారి లేస్తాయి. గునుగు విత్తనం ఆవగింజ కంటే చిన్నది, నల్లగా నిగనిగలాడుతుంది, ఒట్టి చేత్తో జల్లితే ఒకేచోట గుప్పెడు పడిపోతుంది. పొడి ఇసుక నాలుగైదు వంతులు కలిపి జల్లాలి. మట్టి కప్పక్కర్లేదు, కాలితో తొక్కుకుంటూ వెళ్తే చాలు. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక వేస్తే నీళ్ళు పెట్టే పని కూడా ఉండదు.

రెండు వానలకే గునుగు లేచింది. తుమ్మి తర్వాత నెమ్మదిగా వచ్చింది. శ్రావణంలో గరిక మళ్ళీ మోకాలెత్తు లేచి మొక్కల్ని కప్పేస్తుంటే ఏం చేయాలో తెలియక టెన్షన్ పడి ఫోన్ చేశాను, గడ్డిని మొక్కల తలల పైకి ఒకసారి కోసేయమన్నారు. ఫోనెత్తి ఓపిగ్గా చెప్పినందుకే ఒక స్టార్ ఎక్కువ ఇవ్వొచ్చు. విష్ణుక్రాంతం మాత్రం మా నేలలో సరిగా రాలేదు, నాలుగు నీలిపూలు పూసి ఆగిపోయింది. వినాయక చవితి పత్రికి సరిపోయిందనుకోండి. గిలిగిచ్చని గేదెలు రాకుండా కంచె ఉన్న మూల వేశాను. కాయలు ఎండి గలగలమనే వేళకి నారింజ రంగు మీద నల్లచారల సీతాకోకచిలుకలు ఆ ఎండిన కాడల్ని పట్టుకుని వదలవు. తేనె కోసం కాదట, ఆ మొక్కలోని చేదు మందేదో మగ సీతాకోకలకి జత కట్టడానికి కావాలట. దగ్గరికి వెళ్ళి ఫొటో తీసినా ఎగరలేదు.

ఇప్పుడు కంప్లయింట్లు. యాభై గ్రాముల "అన్నీ కలిపిన" మిక్స్ ప్యాకెట్ దయచేసి కొనకండి. చాటలో పోసి చెరిగితే సగానికి సగం పొట్టు. అది సర్దుకోవచ్చు, కానీ ఒక చిటికెడు తీసి కడిగిన ఇసుక ట్రేలో వేస్తే అందులో వయ్యారిభామ మొలిచింది. దేశమంతా పీకలేక చస్తున్న ఆ మొక్కని డబ్బులిచ్చి తెచ్చుకోవాలా? గడ్డి చామంతి కూడా వచ్చింది, అది కూడా బయటినుంచి వచ్చిందే. వెళ్ళి చెప్తే వాదించకుండా ప్యాకెట్ వెనక్కి తీసుకుని తుమ్మి విత్తనాలు ఇచ్చారు, అది మెచ్చుకోవాలి, అయినా ఆ మిక్స్ ఇంకా కౌంటర్ మీదే ఉంది. రెండోది ప్లాస్టిక్ కవర్లు. మన తేమకి విత్తనం లోపల చెమర్చి బూజు పడుతుంది, నాకిచ్చిన ఒక వెంపలి కవర్ అలాగే ఉంది. కాగితం పొట్లాలు కట్టడానికి ఏం కష్టం? విడి ప్యాకెట్ల మీద కోసిన ఊరూ నెలా రాస్తున్నారు, అది చాలా మంచి పని, అన్నిటి మీదా రాయాలి.

కార్తీకం దాటాక విత్తనాలు కోయడానికి వెళ్ళేటప్పుడు కావాలన్నవాళ్ళని వెంట తీసుకెళ్తారు, దానికి డబ్బులేమీ అడగరు. వీలు చూసుకుని తప్పకుండా వెళ్ళండి. లంకల్లో రెల్లు మధ్య నడుస్తూ ఏ కాయ ముదిరిందో, ఏది పచ్చిదో చేత్తో నలిపి చూపిస్తారు. గిలిగిచ్చ కాయల్ని పొద్దున్నే మంచు ఆరకముందే కోయాలి, ఎండెక్కితే ముట్టుకోగానే పగిలి గింజలు ఎగిరిపోతాయి. ఒక మొక్క మీద మూడో వంతుకి మించి కోయనివ్వరు, మిగతాది నేలకీ పిట్టలకీ అంటారు. ఉత్తరేణి ముళ్ళు చీరకి, ప్యాంటుకి అంటుకుంటాయి కాబట్టి పాత బట్టల్లో వెళ్ళండి.

పది గ్రాముల ప్యాకెట్ నేను కొన్నప్పుడు అరవై రూపాయలు. కాస్త ఎక్కువే, కానీ ఒక్కసారి పూసి కాయ కాసిందంటే మళ్ళీ కొనక్కర్లేదు. కూరగాయ మళ్ళ పక్కన మాత్రం గునుగు వేయకండి, పక్క రైతుతో మాట పడాల్సి వస్తుంది. తుమ్మి కావాలంటే రోహిణి కార్తెలోనే వెళ్ళండి, వానలు మొదలయ్యాక దొరకదు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ మిక్స్ తీసేసిన రోజు వచ్చి అయిదు చేస్తాను.