కోనసీమలో బస: గది కంటే ముందు చూడాల్సింది

విదేశీ పాస్‌పోర్టు ఉన్న చుట్టాల్ని వెంటబెట్టుకుని గోదావరి జిల్లాల్లో తిరగాలనుకునే వాళ్లు గది బుక్ చేసే ముందు ఫోన్లో ఒక మాట అడగాలి: "మీ దగ్గర ఫారమ్ సి లాగిన్ ఉందా?" విదేశీ అతిథుల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్లో పంపడానికి హోటళ్లు వాడేది అది. ఏసీ, గీజరు, బాల్కనీలోంచి నది, ఇవన్నీ ఆ తర్వాతే. సంక్రాంతికి మా అక్క, బావలతో రాజమండ్రి నుంచి యానాం దాకా తిరిగొచ్చాక ఇది గట్టిగా చెప్పాలనిపించింది. వాళ్లు ఒట్టి చూడ్డానికే వచ్చి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. ఇద్దరివీ ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగాలు. అలాంటి వాళ్లు మన ఊళ్లలో నాలుగు రోజులు ఎక్కువుండి పని చేసుకుందాం అనుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. మన చుట్టాల ఇళ్లల్లోనేమో దాని గురించి ఎవరికీ సరిగ్గా తెలియదు.

అక్క మా పెద్దమ్మ కూతురు. పుట్టింది అమలాపురంలో, ఇప్పుడు అమెరికా పౌరురాలు, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉంది. బావ అక్కడివాడే. ఓసీఐ ఉన్నవాళ్ల భర్తకో భార్యకో ఆ కార్డు రావాలంటే పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాలి. వీళ్లకి ఇంకా నిండలేదు. అందుకని బావ ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చాడు. ఒకే కారులో, ఒకే గదిలో ఉన్న మనుషులే అయినా ఇద్దరికీ వర్తించే రూల్సు వేరు. అక్క ఇక్కడ ఎన్నాళ్లయినా ఉండొచ్చు, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) దగ్గర రిజిస్టర్ చేసుకునే పని లేదు, ఉద్యోగమూ చేసుకోవచ్చు. పత్రికల పని, పరిశోధన, మత ప్రచారం, పర్వతారోహణ లాంటి వాటికి మాత్రం 2021 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ వాళ్లు కూడా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. బావ వీసా ఊళ్లు చూడ్డానికి, చుట్టాల్ని కలవడానికి ఇచ్చింది. ఇక్కడ కూర్చుని బయటి దేశం కంపెనీకి పనిచేసే వాళ్ల కోసం మన దేశంలో విడిగా వీసా అంటూ లేదు.

"జీతం అమెరికాలో పడుతుంది, పని ఇంటర్నెట్లో జరుగుతుంది, ఎవరికి తెలుస్తుందిలే" అని మా వాళ్లలోనే ఇద్దరు ముగ్గురు అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఎవరికీ తెలియకపోవడం వేరు, రూలు ఒప్పుకోవడం వేరు. బావ వాళ్ల కంపెనీ లీగల్ వాళ్లు కూడా టూరిస్ట్ వీసా మీద పని వద్దని తేల్చి చెప్పారు. అతను సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ అక్కడే వదిలేసి వచ్చాడు. అక్క మాత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇండియా నుంచి పనిచేస్తానని కంపెనీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంది. ఓసీఐ ఉన్నా ఈ కాగితం అవసరమే. ఉద్యోగి వేరే దేశంలో కూర్చుంటే కంపెనీకి పన్ను చిక్కులొస్తాయి, డేటా దేశం దాటే సమస్యా ఉంటుంది.

రాజమండ్రిలో మొదటి రాత్రే దెబ్బ తగిలింది. యాప్‌లో బుక్ చేసి, డబ్బు కట్టి, కన్ఫర్మ్ అయిన హోటల్లో బావ పాస్‌పోర్టు చూడగానే "ఫారినర్లకి ఇవ్వమండి" అన్నారు. రిసెప్షన్‌లో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, కానీ సామాను దింపుకుని రాత్రిపూట నిలబడ్డ మనిషికి ఆ మర్యాద ఏం అక్కరకొస్తుంది? విదేశీయులకి గది ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ఇచ్చాక 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్లో పెట్టాలి, అంతే. ఆ లాగిన్ తీసుకోని హోటళ్లు గది ఇవ్వడమే మానేస్తున్నాయి. ఇవ్వని వాళ్లు ఆ సంగతి యాప్‌లోనే రాసి పెడితే ఎంత బాగుండును. డబ్బు తిరిగొచ్చింది, కానీ పండగ ముందు రోజుల్లో ఇంకో గది వెతుక్కోవడం అంత తేలిక కాదు.

తర్వాత దొరికిన హోటల్ కాస్త ఖరీదైనదే అయినా అక్కడి అమ్మాయి పని చేసిన తీరు చూసి నాకు ధైర్యం వచ్చింది. బావ ప్రింటు తీసి తెచ్చుకున్న ఈ-వీసా కాగితం పక్కన పెట్టుకుని, పాస్‌పోర్టులో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ముద్ర ఉన్న పేజీ వెతికింది. సిరా కొంచెం చెదిరి ఉంటే ఫోన్ లైటు వేసి, తేదీ ఒక్కో అంకే పైకి చదివి బావతో అవుననిపించుకుంది. ఏ ఊరి నుంచి వచ్చారు, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు అని అడిగి నింపింది. ఇంటిపేరు, పేరు తారుమారు కాకుండా రెండుసార్లు చూసింది. విమానాశ్రయం దగ్గర, రైలు దగ్గర, సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి, పక్కనే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం. మొదటి ఒకటి రెండు రాత్రులకి రాజమండ్రి మంచిదే, పెద్ద హోటళ్లయితేనే.

బావ వీసా గురించి ఇక్కడే ఒక మాట. అది 5 ఏళ్ల వీసా. దాన్ని చూసి మా బాబాయి "అయితే అయిదేళ్లు ఇక్కడే ఉండిపోవచ్చన్నమాట" అన్నాడు. కాదు. అమెరికా పౌరులకి ఒక విడతలో 180 రోజులు మించకూడదు, చాలా దేశాల వాళ్లకి 90 రోజులే. పొడిగించడం, ఇంకో రకం వీసాగా మార్చుకోవడం ఈ-వీసాలో కుదరదు. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత నాలుగు చట్టాల స్థానంలో కొత్త ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ అమల్లోకి వచ్చింది. గడువు దాటి ఉన్నా, వీసా షరతులు తప్పినా 3 ఏళ్ల దాకా జైలు, 3 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

దిండి గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. చించినాడ వంతెన పక్కన వశిష్ఠ ఒడ్డు, కొబ్బరి చెట్లు, హౌస్‌బోట్లు. కాగితాల దగ్గర ఏ ఇబ్బందీ లేదు. కానీ బోటులో నెట్ నిలకడగా ఉండదు, అక్క ఆ రాత్రి మీటింగ్ మధ్యలో మూడుసార్లు ఊడిపోయి ఇక లీవ్ పెట్టేసింది. సెలవులో ఉన్నవాళ్లకి బంగారంలాంటి చోటు. పని ఉన్నవాళ్లు ఒక్క రాత్రి, అదీ శనివారం పెట్టుకోండి. రొయ్యల వేపుడు బాగుంది. పులసకి మాత్రం వరదలొచ్చే నెలల్లోనే రావాలి.

అసలు నాకు నచ్చింది అమలాపురానికి కొంచెం ఎడంగా, కాలవ గట్టున ఉన్న ఒక ఇల్లు. పై అంతస్తులో రెండు గదులు అద్దెకిస్తారు. పెద్దమ్మ వాళ్లింట్లోనే ఉండొచ్చుగా అనుకోవచ్చు. పండక్కి ఆ ఇల్లు నిండిపోయింది, అదొకటి. రెండోది, విదేశీయుణ్ని సొంతింట్లో ఉంచుకున్నా ఈ వివరాలు పెట్టాల్సిందే. హోటళ్లకే కాదు, ఇళ్లకీ ఈ రూలు ఉందని మన చుట్టాల్లో నూటికి తొంభై మందికి తెలియదు. పెద్దమ్మ అల్లుణ్ని రోజూ భోజనానికి పిలిచింది, పడక మాత్రం ఇక్కడ.

ఆ ఇంటావిడ చాలా ఏళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. మేం సామాను పెట్టకముందే "మీ బావగారి వీసా ఎన్నాళ్లుందండి? ఓసారి కాయితం ఇలా ఇవ్వండి" అంది. కళ్లజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ, గడువు తేదీ తనంతట తానే పట్టుకుంది. ఆ లాగిన్ వాళ్లబ్బాయి తీయించాడట. ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాక పోలీసులు వచ్చి ఇల్లు చూసి వెళ్లారట. ఈ జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ వ్యవహారం చూసేది ఎస్పీ ఆఫీసే. బావని తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోటో తీసి, అరగంటలో పని ముగించారు. పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు మీద గడువు తేదీ పెన్నుతో పెద్దగా రాసింది. "అకామా, అదే అక్కడుండే పర్మిట్, అయిపోయాక ఒక్కరోజున్నా గుండెల్లో రాయి ఉన్నట్టేనండి. ఆయ్, నాకు తెల్సు" అంది.

కోనసీమలో ఎన్ని ఇళ్లు కువైట్, దుబాయ్ డబ్బుతో లేచాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆవిడ వెళ్లింది ఇంటిపనివాళ్లకిచ్చే ఆర్టికల్ 20 వీసా మీద. ఆ వీసా కఫీల్‌తో, అంటే పనిలో పెట్టుకున్న స్పాన్సరుతో, ముడిపడి ఉంటుంది. బాధ భరించలేక ఆ ఇల్లు వదిలి వచ్చేసిన ఆడవాళ్లు పరారీలో ఉన్నట్టు లెక్క. 2018లో, మళ్లీ 2024లో కువైట్ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు ఎందరో అలా ఇంటికి రాగలిగారు. విజిట్ వీసా మీద పంపి, అక్కడికెళ్లాక పని చూపిస్తామనే ఏజెంట్లని ఆవిడ నోరారా తిట్టింది. ల్యాప్‌టాప్ మీద లక్షలు సంపాదించేవాళ్లకీ ఆవిడకీ పోలికేంటి అనుకునేవాళ్లుంటారు. వీసా మీద రాసున్న పని ఒకటి, చేసేది ఇంకొకటి అయినప్పుడు ఏం జరుగుతుందో ఆవిడ కళ్లారా చూసింది. అందుకే ఆ ఇల్లు నాకు పెద్ద హోటళ్ల కంటే ఎక్కువ నమ్మకంగా అనిపించింది.

అక్క పనివేళలు రాత్రి ఏడున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా. చలికాలంలో న్యూయార్క్ తొమ్మిది అంటే మనకి రాత్రి ఏడున్నర. ఫైబర్ నెట్ ఉంది, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రౌటర్ ఆగకుండా నడిచింది. ఆవిడ పడుకోబోయే ముందు ఫ్లాస్కులో టీ పెట్టి వెళ్లేది. పండగ మూడు రోజులూ మైకుల మోతకి మీటింగులు కుదరవు కాబట్టి ఆ రోజులకి అక్క ముందే లీవు పెట్టుకుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం వెళ్లాం. సంక్రాంతికి కోడిపందేల జనంతో భీమవరం, అమలాపురం గదుల రేట్లు చుక్కలు చూపిస్తాయి. ఈ ఇంట్లో మాత్రం మామూలు రేటే తీసుకున్నారు.

పక్కింటి కుర్రాడు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. బాలీ వెళ్లి అక్కడ కూర్చుని పనిచేస్తే ఎలా ఉంటుందని అక్కని అడిగాడు. అక్కాబావలు అంతకుముందు కొన్నాళ్లు థాయ్‌లాండ్‌లో ఉండి పనిచేశారు, అలా పనిచేసే వాళ్లకిచ్చే వీసా తీసుకునే. థాయ్‌లాండ్ ఆ వీసాని 2024 జులైలో డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) అని మొదలుపెట్టింది. 5 ఏళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి. అక్కడా ఇంటి యజమాని 24 గంటల్లో టీఎం 30 అని వివరాలు ఇవ్వాలి. గడువు దాటితే రోజుకి 500 బాత్, 20,000 దాకా. ఇండోనేషియాలో రిమోట్ వర్కర్ వీసాకి ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం అడుగుతారు, యూఏఈలో నెలకి 3,500 డాలర్లు. మలేషియా డీఈ రాంటౌ 3 నుంచి 12 నెలలకి ఇస్తుంది. కుర్రాడు బాలీ సంగతి వదిలేసి మలేషియా వివరాలు రాసుకున్నాడు. ముందు మీ కంపెనీని అడుగు, తర్వాతే టికెట్టు అని అక్క రెండుసార్లు చెప్పింది.

తను కూడా రోజులు లెక్క రాసుకుంటూ ఉంటుంది. ఏప్రిల్ నుంచి మార్చి లోపల ఇక్కడ 182 రోజులు నిండితే పన్నుల లెక్కలో ఇక్కడి రెసిడెంటు అయిపోతారు. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటి, అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులైనా ఇక్కడున్న వాళ్లకి ఆ హద్దు 120 రోజులే. ఇదే ఊపులో మా మావయ్య ఒకాయన, పక్కన కొబ్బరితోట అమ్మకానికుంది, అమ్మాయి పేరున కొనేద్దాం అన్నాడు. ఓసీఐ వాళ్లు ఇల్లు కొనుక్కోవచ్చు గానీ పొలాలు, తోటలు కొనకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.

చివరి బస యానాం. ఎదుర్లంక వంతెన దాటి గౌతమి అవతల దిగితే పుదుచ్చేరి. అధికారులు వేరు, హోటల్ వాళ్లు వివరాలు మళ్లీ కొత్తగా పెట్టాలి. మేం దిగిన చోట మేనేజరు "ఒక్క రాత్రికి ఎందుకండీ ఇదంతా" అన్నాడు. పెట్టాకే గదిలోకి వెళ్తామని అక్క కౌంటరు దగ్గరే కూర్చుంది. పెట్టాడు. గది శుభ్రంగానే ఉంది, నది ఒడ్డున నడక బాగుంది, కానీ కాగితం అడిగి పెట్టించుకోవాల్సిన చోటుకి నేను రెండోసారి వెళ్లను. బావకి యానాం చరిత్ర తెగ నచ్చింది. 1954లో ఫ్రెంచి పాలన పోయి, 1962 ఆగస్టు 16న ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు, ఇక్కడ పుట్టి ఇక్కడే ఉన్న ఫ్రెంచి పౌరులకి ఆ పౌరసత్వం ఉంచుకోవడానికి 6 నెలల గడువిచ్చారు. రాసిచ్చిన వాళ్లు ఫ్రెంచివాళ్లుగా మిగిలారు, మిగతావాళ్లు భారతీయులయ్యారు.

వచ్చేసారి బావ కూడా ఇక్కడి నుంచే పనిచేయాలని వాళ్ల కోరిక. భార్య తరఫున వచ్చే ఓసీఐకి సెక్యూరిటీ క్లియరెన్స్ కూడా ఉంటుంది కాబట్టి చేతికొచ్చేసరికి సమయం పడుతుంది. పెళ్లి సర్టిఫికెట్టు, ఇద్దరి పాస్‌పోర్టులు, ఒకే చిరునామాలో కలిసి ఉంటున్నట్టు చూపే కాగితాలు అక్క అప్పుడే ఫైల్లో పెట్టేసింది. కాలవ గట్టు ఇంటావిడకి అడ్వాన్సు ఇవ్వబోతే తీసుకోలేదు, "కార్డు వచ్చాక ఫోన్ చెయ్యండి, గది ఉంచుతాను" అంది.