పాత జీటీ 710 కార్డు, నూవో డ్రైవర్: ఆరు నెలల వాడకం తర్వాత

ఆరు నెలల క్రితం బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఒక చిన్న కొట్టులో సెకండ్ హ్యాండ్ జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. కొట్టాయన దానికంటే కొత్త తరానిదైన, ఎన్నో రెట్లు శక్తిమంతమైన జీటీఎక్స్ 960ని చూపించి, కాస్త ఎక్కువైనా ఇదే తీసుకోమన్నాడు. నేను పాతదే కావాలని పట్టుబట్టడం ఆయనకు వింతగా తోచింది. కానీ తయారీ కంపెనీ ఎన్‌విడియా ఇచ్చే డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) జోలికి పోకుండా, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్‌తోనే పని జరుపుకోదలచిన వారికి ఈ రెండింటిలో పాతదే మేలు.

ఎన్‌విడియా తన చిప్పుల లోపలి వివరాలను వెల్లడించకపోవడంతో, నూవో రచయితలు వాటిని బయటి నుంచే రాబట్టుకోవలసి వచ్చింది. అందుకు వారు వాడిన ఎమ్ఎమ్ఐఓట్రేస్ అనే సాధనం, కంపెనీ డ్రైవర్ నడుస్తుండగా అది కార్డులోని ఏ రిజిస్టర్‌లో (చిప్పులోని చిన్న నిల్వ గడిలో) ఏ విలువ రాస్తోందో, దేన్ని చదువుతోందో ఒక్కటీ వదలకుండా నమోదు చేస్తుంది. తెర రిజల్యూషన్ ఒక్కటి మాత్రమే మార్చి మరోసారి నమోదు చేసి, రెండు చిట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, విలువ మారిన రిజిస్టర్లు దేనికి సంబంధించినవో ఊహకు అందుతుంది. పక్కింటి తాలింపు వాసన పట్టి అందులో ఏమేమి వేశారో చెప్పడం లాంటి ఈ పని ఏళ్ల తరబడి సాగింది. ఆ డ్రైవర్ 2010లో వచ్చిన లినక్స్ 2.6.33 కెర్నల్‌లో (ఆ వ్యవస్థకు మూలమైన భాగంలో) చేరింది.

అయితే జీటీఎక్స్ 900 శ్రేణి నుంచి క్లాక్ వేగాన్ని, ఫ్యాన్‌ను నియంత్రించే భాగం కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను (చిప్పు లోపల నడిచే ప్రోగ్రామ్‌ను) తప్ప మరి దేన్నీ అంగీకరించదు. ఎంత గమనించినా సంతకాన్ని సృష్టించలేరు కనుక, నూవో కింద 960 వంటి కార్డు కంప్యూటర్ ఆన్ చేసినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతుంది. 1000 శ్రేణిదీ అదే గతి. ఆ తర్వాత వచ్చిన ట్యూరింగ్ తరం చిప్పుల నుంచి మాత్రం, 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నల్‌తో, కార్డులోనే ఉండే జీఎస్‌పీ అనే సహాయక ప్రాసెసర్ కోసం కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ ద్వారా ఈ చిక్కు తీరింది.

జీటీ 710 చిప్పు 900 శ్రేణికి ముందున్న కెప్లర్ తరానిది కనుక ఈ సంతకాల బెడద లేదు. అయినా వేగం దానంతట అది పెరగదు. రూట్ (నిర్వాహక) అధికారంతో, కెర్నల్ చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే ఫోల్డర్‌లోని పీస్టేట్ ఫైల్‌లో విలువ మార్చాలి. నేను దాన్ని బూట్ సమయంలోనే నడిచే చిన్న స్క్రిప్టుకు అప్పగించాను. రెండు మానిటర్లు, బ్రౌజర్, కోడ్ ఎడిటర్ హాయిగా నడుస్తున్నాయి. గరిష్ఠంగా 19 వాట్లు వాడే కార్డు కావడంతో నా దానికి ఫ్యాన్ కూడా లేదు. ఆ నిశ్శబ్దం రాత్రిళ్లు పనిచేసేవారికే తెలుస్తుంది. వీడియో డీకోడింగ్‌ను చిప్పుకు అప్పగించాలంటే కంపెనీ డ్రైవర్ నుంచి ఫర్మ్‌వేర్‌ను విడిగా వెలికితీయాలి. నేను ఆ శ్రమ పడలేదు, ప్రాసెసరే చూసుకుంటోంది. ఆటల కోసమైతే దీన్ని కొనకండి.

కెప్లర్‌కు పనికొచ్చే కంపెనీ డ్రైవర్లలో చివరిదైన 470 శ్రేణికి 2024లో మద్దతు ముగిసింది గనుక, కొత్త కెర్నల్ వాడేవారికి ఇక నూవోయే దిక్కు. కొనేటప్పుడు జీటీ 730 విషయంలో మాత్రం జాగ్రత్త పడండి: అదే పేరుతో అంతకు ముందు తరమైన ఫెర్మీ చిప్పువి, కెప్లర్ చిప్పువి రెండూ అమ్ముడయ్యాయి. కొట్టులోనే కార్డును బిగించి, కంప్యూటర్‌లోని కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశం ఇచ్చే జవాబులో కెప్లర్‌ను సూచించే జీకే అక్షరాలు కనబడ్డాకే డబ్బు ఇవ్వండి.