బోడకాకర గడ్డలు కొంటున్నారా? ఇది చదివాకే డబ్బులు పంపండి

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు బోడకాకర పెడదామనుకుంటున్న అన్నలకు, అక్కలకు ఒక హెచ్చరిక. ఫోన్లో వీడియోలు చూపించి "అన్నీ ఆడ గడ్డలే, గ్యారంటీ" అనేవాళ్లకు అడ్వాన్సు పంపకండి.

మా చెలకలో పెట్టిన గడ్డలు బాగానే మొలిచాయి. తీగలు పందిరంతా కమ్మి పసుపు పూలు విరగబూశాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు. చూస్తే అన్నీ మగపూలే. ఆడపువ్వుకైతే రేకుల కిందనే కంది గింజంత పిందె ఉంటుంది, దాని మీద మెత్తటి ముళ్లు కూడా కనబడతాయి. మగపువ్వుకు అది ఉండదు. సన్నటి కాడ, మొగ్గను కప్పుతూ దొప్పలాంటి చిన్న ఆకు, అంతే. అమ్మినాయనకు ఫొటోలు పంపితే "నీళ్లు తక్కువైనట్టున్నయ్, బోరాన్ మందు కొట్టు అన్నా" అన్నాడు. మగ తీగకు బోరాన్ కొడితే కాయ ఎట్లా వస్తుంది? గట్టిగా అడిగేసరికి నంబర్ బ్లాక్ చేశాడు. మంచి ధర పలికే వానాకాలం మొత్తం చేతికి రాకుండా పోయింది.

బీర, సొరల్లో ఒకే తీగకు ఆడ, మగ పూలు రెండూ వస్తాయి, బోడకాకరలో అలా రావు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. గడ్డను ఎంత తిప్పి చూసినా ఆడదో మగదో చెప్పలేం. గింజలైతే ఇంకా కష్టం. మొలకే సరిగ్గా రాదు, వచ్చినవాటిలో దాదాపు సగం మగవే, అదీ పూత వచ్చాకే తేలుతుంది. అలాగని అన్నీ ఆడవే పెట్టినా లాభం లేదు. మా పక్క ఊళ్లో ఒకాయన తోటలో మగపూల పుప్పొడి అందక పిందెలన్నీ పసుపుబారి రాలిపోయాయి. ఎనిమిది, పది ఆడ మొక్కలకు ఒక మగ మొక్కయినా ఉండాలి.

అందుకే పూత ఉన్నప్పుడు, జులై, ఆగస్టుల్లో, అమ్మేవాళ్ల తోటకే వెళ్లండి. కాయ కాస్తున్న తీగ మొదట్లో గుడ్డపేలిక కట్టి రండి. చలికాలంలో తీగ ఎండినా గడ్డ భూమిలో బతికే ఉంటుంది, ఎండాకాలంలో మీ కళ్ల ముందే తవ్వించుకోండి. ఆడవి, మగవి వేరే సంచుల్లో వేయించి, ఏవి ఎన్నో బిల్లు మీద రాయించండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు పేమెంట్ స్క్రీన్‌షాట్లు, పూల ఫొటోలు దాచిపెట్టుకోండి. తోటను ఉద్యాన అధికారికి చూపించి, ఆయన చూసింది రాతపూర్వకంగా రాయించి తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, కేసు చెల్లదని ఎవరైనా బెదిరిస్తే వినకండి.

నల్గొండ చుట్టుపక్కల ఎవరి పందిరి మీదైనా ఆడ తీగలు పూతలో ఉంటే చెప్పండి, నేనే వచ్చి చూసుకుంటాను.