ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్: వాడకంలో తేడాలు

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు ఉన్నట్టు పరీక్షలో తేలినవారికి ఇచ్చే ఈ రెండు మాత్రలూ రోజుకు ఒక్కసారి వేసుకునేవే అయినా, వాటిని వేసుకునే పద్ధతి ఒకటి కాదు.

సాధారణంగా 150 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చే ఎర్లోటినిబ్‌ను భోజనానికి కనీసం గంట ముందు గానీ, భోజనమైన రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఆహారంతో కలిస్తే అది రక్తంలోకి ఎక్కువగా చేరి దుష్ప్రభావాలు పెరగవచ్చు. దీనికి కడుపులోని ఆమ్లం కూడా అవసరం కనుక, గ్యాస్ మాత్ర అని చాలామంది తేలిగ్గా తీసుకునే ఒమెప్రజోల్ వంటివి దాని శోషణను తగ్గిస్తాయి. పొగతాగడం వల్ల కూడా రక్తంలో మందు స్థాయి పడిపోతుంది.

80 మిల్లీగ్రాముల ఓసిమెర్టినిబ్‌కు ఈ ఇబ్బందులు లేవు: తిన్నాక వేసుకున్నా, తినకముందు వేసుకున్నా ఫరవాలేదు. మింగలేనివారు మాత్రను పొడి చేయకుండా, గ్యాస్ లేని కొద్దిపాటి నీటిలో కలిపి వెంటనే తాగవచ్చు. అయితే ఇది గుండె లయను ప్రభావితం చేయగలదు కాబట్టి, ముప్పు ఉన్నవారికి ఈసీజీ అవసరమవుతుంది.

చర్మంపై దద్దుర్లు, విరేచనాలు రెండింటిలోనూ ఉంటాయి, ఎర్లోటినిబ్‌తో దద్దుర్లు మరింత తీవ్రం. రోజువారీ సౌలభ్యం చూస్తే ఓసిమెర్టినిబ్‌దే పైచేయి అని నా అభిప్రాయం. క్షయకు వాడే రిఫాంపిసిన్ మాత్రం రెండింటి బలాన్నీ తగ్గిస్తుంది. ఏది వాడుతున్నా, కొత్తగా ఆయాసం, పొడిదగ్గు, జ్వరం మొదలైతే అది ఊపిరితిత్తుల వాపు కావచ్చు గనుక, జలుబేలే అని ఊరుకోకుండా అదే రోజు వైద్యుణ్ణి సంప్రదించాలి.