‘కౌచ్ టు 5కె’ ఆప్: పరుగుకూ పరుగుకూ మధ్య ఒక రోజు

పరుగు కొత్తగా మొదలుపెట్టాలనుకునే మన తెలుగువాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే పేరు: బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా ఇస్తున్న ‘కౌచ్ టు 5కె’ ఆప్, అంటే సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా. బర్మింగ్‌హామ్‌లో మా ఇంటి దగ్గరి కాలువ గట్టు మీద దీనితోనే పరుగు నేర్చుకున్నాను.

ప్రణాళిక 9 వారాలది. వారానికి మూడు పరుగులే. ఏ రెండింటికీ నడుమ కనీసం ఒక రోజు విశ్రాంతి తప్పనిసరి అంటుంది. మా అమ్మ ఫోనులో, “రోజూ చేస్తేనే కదమ్మా ఒంటికి పట్టేది!” అంటుంది. నడకకైతే ఆ మాట నిజమే. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు కాలి మీద పడుతుంది. ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది గాని ఎముకలకు, కండరాన్ని ఎముకతో కలిపే స్నాయువులకు ఆ వేగం లేదు. గట్టి శ్రమ తర్వాత దాదాపు ఒకటిన్నర రోజు వరకు స్నాయువులో కొల్లాజెన్ (దానికి బలమిచ్చే ప్రోటీన్) తయారయ్యేదానికన్నా తరిగేదే ఎక్కువ. బలం చేకూరేది ఆ తర్వాతే. మర్నాడే మళ్లీ పరుగెత్తితే ఆ అవకాశాన్ని మనమే పోగొట్టుకుంటాం.

మొదటి వారం తేలిక: 5 నిమిషాల చురుకైన నడక, ఆపైన 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక మార్చి మార్చి. ఎప్పుడు ఏది చేయాలో ఆప్‌లో మనం ఎంచుకున్న గొంతు చెవిలో చెబుతుంది. నేను నటుడు సంజీవ్ కోహ్లీ గొంతు ఎంచుకున్నాను.

అసలు పరీక్ష అయిదో వారం. మొదటి రోజు అయిదేసి నిమిషాలు మూడుసార్లు, రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు, మూడో రోజు ఏకబిగిన 20 నిమిషాలు! రెండో పరుగు మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు బిగుసుకుపోయాయి, పిక్క నొక్కితే నొప్పి. ఆ రోజు కూరగాయలకు నడిచి వెళ్లి రావడం తప్ప ఏమీ పెట్టుకోలేదు. రాత్రి కడుపునిండా అన్నం తిని తొందరగా పడుకున్నాను. మూడో పరుగుకు పిక్కలో నొప్పి లేదు. రెండో వంతెన దాటాక ఊపిరి కుదురుకుంది, 20 నిమిషాలూ ఆగకుండా సాగాయి. ఆ మధ్య రోజు లేకపోతే అది జరిగేది కాదని నా గట్టి నమ్మకం.

తొమ్మిది వారాలు అందరికీ సరిపోవు. యాభై దాటినవాళ్లు ఒక్కో వారాన్ని రెండుసార్లు చేసినా, నడుమ రెండు రోజులు వదిలినా నష్టమేమీ లేదు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉంటే ముందు డాక్టరును అడగండి.

పూర్తయ్యాక బర్మింగ్‌హామ్‌లోని కానన్ హిల్ పార్కులో శనివారం ఉదయం 9 గంటలకు జరిగే పార్క్‌రన్‌కు రండి. అయిదు కిలోమీటర్లు, రుసుము లేదు. శుక్రవారం మాత్రం పరుగు పెట్టుకోకండి.